సంపూర్ణమ్మ ఒక్కపొద్దు

మోతీబాయి దవాఖానా వరండాలో బెంచీ దాకా రాకముందే సంపూర్ణమ్మ కూతురు ఫ్లోరెన్స్ లేచి ఎదురెళ్ళి నిలబడింది.

"ఆడనే ఉండు. ఇంకో అడుగు ముందుకేస్తే మర్యాద దక్కదు."

మోతీబాయి ఆగిపోయింది. జూలూరుపాడు అవతలి తండాలో కోడికూతకే లేచి, బస్సులు మారి, భద్రాచలంలో ఈ దవాఖానా ఎక్కడుందో కనపడ్డవాళ్ళనల్లా అడుగుతూ వచ్చిన మనిషి. వియ్యపురాలు సంపూర్ణమ్మకు పేగు అడ్డుపడిందనీ, ఇవాళ కడుపు కోస్తారనీ విని ఇంట్లో నిలవలేకపోయింది. ఇక్కడ తన కోసం ఏం కాచుకుని ఉందో ఆమెకు తెలియదు. తెలిసిన సంగీత, ఆమె కన్నకూతురు, సంపూర్ణమ్మకు ఒక్కగానొక్క కోడలు, బెంచీ చివర కుక్కిన పేనులా కూర్చుంది.

సంచిలో ఏం తెచ్చావని ఫ్లోరెన్స్ అడిగింది. పాత నూలు చీరలనీ, మెత్తగా ఉతికి తెచ్చాననీ, ఆపరేషన్ అయినవాళ్ళకు అక్కరకొస్తాయనీ మోతీబాయి చెప్పింది.

"మీ గుడ్డలొద్దు, మీ తిండొద్దు. మా అమ్మకు మీరు పెట్టిన మందు చాలు."

ఆ మాట మోతీబాయికి వెంటనే ఎక్కలేదు. ఎక్కాక మొహం నల్లబడిపోయింది. ఈ అడవి పక్క ఊళ్ళలో మందు పెట్టారంటే జబ్బు తగ్గడానికి కాదు. తిండిలో ఏదో కలిపారని, అది కడుపులో ముద్దకట్టి మనిషిని కొంచెం కొంచెంగా తినేస్తుందని. ఆ పేరు ఒకసారి పడ్డ ఆడదాని గడప తొక్కేవాళ్ళుండరు. అక్కడితో ఆగితే అదృష్టమే అనుకోవాలి.

"అక్కా, జర మెల్లగ. అందరు చూస్తున్రు," అన్నాడు ఆమె తమ్ముడు, సంగీత మొగుడు సుకుమార్.

సుకుమార్ సంగతే అంత. సారపాక పేపర్ మిల్లులో పదిమందికి పని పురమాయించే మనిషి, ఇంట్లో మాత్రం గోడ మీద పిల్లి. ఇష్టపడి చేసుకున్న పెళ్ళాన్ని ఒక్క మాట అననివ్వడు, అక్క అంటే మాత్రం ఆపడు. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా? ఆ ఇంట్లో మిగతా సగం కూడా ఫ్లోరెన్సే.

"ఏం మెల్లగరా? స్కానింగుల ముద్ద కనపడ్డదా లేదా? ఆయన చెప్పిందీ అదే గదా."

ఆ ఆయనెవరో చర్చి గుడిలో వాళ్ళకు తెలిస్తే ఇంకేమైనా ఉందా? ఫ్లోరెన్స్ ఇల్లందులో ఇంగ్లీషు మీడియం బడిలో టీచరు. ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారం రాత్రి తల్లికి వాంతులు పట్టుకుంటే, తెల్లారి దవాఖానాకు తేవలసింది పోయి మందు కక్కించేవాడి దగ్గరికి తీసుకుపోయింది. వాడు పసరు తాగించాడు. కక్కినదాంట్లో నల్లటి తొక్క ముక్కలు ఏరి ఆకులో పెట్టి చూపించాడు. ఇది సగమే, మిగతాది లోపల గడ్డకట్టింది, పెట్టింది బయటి మనిషి కాదు అన్నాడు. బయటి మనిషి కాకపోతే ఇంకెవరు? కోడలు, కోడలి తల్లి. పసరుతో సంపూర్ణమ్మ కడుపు మరింత ఉబ్బింది. అప్పుడు గాని భద్రాచలం గుర్తు రాలేదు. ఈ సంగతి గుడిలో ఎవరికీ చెప్పొద్దని తమ్ముడి చేత ఒట్టు వేయించుకుంది.

ఇంతలో డాక్టరు వచ్చాడు. సంగీత నిన్ననే ఆయన్ను పక్కకు పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. చెప్పకపోతే మనిషి ప్రాణం పోతుంది కదా. ఎవరి ముందూ తన పేరు ఎత్తొద్దని మాత్రం చేతులు జోడించింది. ఆయన ఆ మాట నిలుపుకున్నాడు.

కడుపులో ఉన్నది మందూ కాదు మాకూ కాదన్నాడు డాక్టరు. తునికి పండ్లు, బీడీ ఆకు చెట్టువి. అవి దోరగా ఉంటే వగరు ఎక్కువ. ఖాళీ కడుపున ఎక్కువగా తింటే ఆ వగరూ పీచూ తొక్కా కలిసి లోపల గట్టిపడతాయి. ఈమెకు ఎప్పుడో కడుపులో పుండుకు చేసిన ఆపరేషన్‌లో పొట్ట కొంత తీసేశారు, నమలడానికి పళ్ళు లేవు. ఆ ముద్ద రాయిలా అయి, జారి చిన్నపేగులో ఇరుక్కుంది. మొక్కల పీచు తప్ప ఇంకేం లేదు, కోసి తీసేస్తే బతుకుతుంది.

"మొక్కల పీచే గదా సార్. మందు గూడ ఆకులతోటి, ఏర్లతోటే జేస్తరు," అంది ఫ్లోరెన్స్.

తునికి పండ్లేనని డాక్టరు మళ్ళీ చెప్పాడు.

"మా అమ్మ తునికి పండు తినలేదు సార్. మా అమ్మ ఒక్కపొద్దు. పగలు పచ్చినీళ్ళు గూడ ముట్టదు. పొద్దుగూకినంక గంజి తాగుతది, అంతే. ఆమె తినలేదంటే ఎవరో గంజిల కలిపి పెట్టిన్రు. గంజి కాసేది ఎవరు? ఈమె. తునికి పండ్లు బుట్టలకు బుట్టలు పంపింది ఎవరు? ఆమె."

డాక్టరు ఒకసారి సంగీత వైపు చూశాడు. సంగీత తల దించుకుంది. ఆయన థియేటర్లోకి వెళ్ళిపోయాడు.

"యాడీకి ఏం తెల్వదు వదినా," అంది సంగీత చివరికి. తండా భాషలో యాడీ అంటే అమ్మ.

"మరి నీకేం తెలుసో చెప్పు."

కక్కలేక మింగలేక అంటారే, అలా ఉంది ఆమె పరిస్థితి.

నలభై రోజుల ఉపవాసకాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు సంపూర్ణమ్మ గుడిలో అందరి ముందూ నిలబడి మొక్కుకుంది. భర్త సవరయ్య పోయినప్పటి నుంచి గుడిలో ప్రార్థనలు చేయించే మరియ దళానికి ఆమే పెద్ద, ఆమె మాటంటే అందరికీ గురి. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఫ్లోరెన్సుకు కడుపు నిలవలేదు. దాని ఒడి నిండాలని ఈస్టర్ దాకా ఒక్కపొద్దు పట్టింది. కొన్నాళ్ళు నికార్సుగా నిలబెట్టుకుంది కూడా. ఎండలు ముదిరాక కళ్ళు తిరగడం మొదలైంది. మానెయ్యమని సంగీత చెప్తే వినలేదు. నలుగురికీ చెప్పి పట్టిన ఒక్కపొద్దు నడుమ ఎట్లా విడుస్తానంది.

అలాంటి ఒక మధ్యాహ్నం మోతీబాయి కూతురి కోసమని పంపిన తునికి పండ్లు వచ్చాయి. సంపూర్ణమ్మ బుట్టను దగ్గరికి లాక్కుని వాసన చూసింది. ఆమె పుట్టింది కూడా అడవి అంచు పల్లెలోనే. చిన్నప్పుడు బీడీ ఆకు కోస్తూ తల్లి వెంట తిరిగిన రోజుల్లో ఆ పండే ఆమెకు మధ్యాహ్నం అన్నం. ఒక్కటి నోట్లో వేసుకుని తడుపుకుంటానంది. ఒక్కటి కాస్తా గుప్పెడైంది. తర్వాత ఆమే అడగడం మొదలుపెట్టింది.

"మీ అమ్మకు ఫోన్ జెయ్యి బిడ్డా. నీకు మనసైందని చెప్పు. నా పేరెత్తకు."

కూతురికి మనసైందంటే ఏ తల్లి ఆగుతుంది? మోతీబాయి బుట్ట మీద బుట్ట పంపింది. చెట్ల మీద మాగినవి అయిపోయాక దోరవి పంపి, వరిగడ్డిలో మాగబెట్టుకొమ్మని చెప్పింది. సంపూర్ణమ్మ మాగేదాకా ఆగలేదు. దోరవే, తొక్కతో సహా, ఆకలి కడుపున చప్పరించి మింగింది. గింజలు మాత్రం ఊసి ఒక రేకు డబ్బాలో దాచేది. మిల్లు క్వార్టర్సులో చెత్తబుట్ట పదిమంది చూస్తారు కదా. ఆ డబ్బా తీసుకుపోయి కాంపౌండు గోడ అవతల గుమ్మరించి రావడం సంగీత పని. ఎవరికీ చెప్పనని సిలువ మీద చెయ్యి పెట్టించి మరీ మాట తీసుకుంది అత్త.

ఆఖరి డబ్బా గుమ్మరించలేదు. అది ఇప్పుడు సంగీత హ్యాండ్‌బ్యాగులో ఉంది.

థియేటర్లోకి తీసుకుపోయే ముందు సంపూర్ణమ్మ ఫాదర్ గారిని పిలిపించమంది. ఆయన వచ్చాడు. అందరినీ బయటికి పంపి తలుపు దగ్గరికి వేశారు. పాపసంకీర్తనం చేస్తోందని ఫ్లోరెన్స్ కళ్ళొత్తుకుంది. మా అమ్మకు చెప్పుకోను పాపాలేం ఉన్నాయని తమ్ముడితో అంది.

సంగీత గుండె మాత్రం తేలికపడింది. కడుపు కోస్తారంటే మనిషికి భయం ఉంటుంది. దేవుడి ముందు అబద్ధం చెప్పదు. ఇక అంతా బయటపడుతుంది, యాడీ తలెత్తుకుని తండాకు పోతుంది అనుకుంది.

ఫాదర్ బయటికొచ్చి నేరుగా సంగీత వైపే చూశాడు. ఆ చూపుతో ఆమెకు అర్థమైపోయింది. అత్త చెప్పేసింది. అంతా చెప్పేసింది. ఆయన ఏమీ అనకుండా మెట్ల వైపు నడుస్తుంటే సంగీత వెనకే పరుగెత్తింది.

"ఫాదర్ గారూ, మీకు చెప్పింది గదా. మా ఆడబిడ్డతోని ఒక్క మాట చెప్పండి. ఒక్కటే మాట."

ఆయన మెట్టు మీద ఆగాడు. పాపం, మంచి మనిషి. మొహంలో బాధ కనిపిస్తూనే ఉంది.

"నాతో చెప్పలేదమ్మా. దేవునితో చెప్పింది. అది నేను నోరు తెరిచి చెప్పేది కాదు. ఓపిక పట్టు."

"మరి దేవుడు మా తండాకొచ్చి చెప్తడా?"

ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి దీవించి దిగిపోయాడు. సంపూర్ణమ్మకు క్షమాపణ దొరికింది. మోతీబాయి సంచి ఒళ్ళో పెట్టుకుని గేటు బయట చెప్పుల దగ్గర కూర్చుంది.

ఆపరేషన్ బాగా జరిగింది. నర్సు స్టీలు గిన్నెలో ఆ ముద్ద తెచ్చి చూపించింది. సపోటా పండంత ఉంది, నల్లగా, గట్టిగా. సుకుమార్ చూడలేక మొహం తిప్పుకున్నాడు. ఫ్లోరెన్స్ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, వాంతి వస్తున్నట్టు. పొద్దుటి నుంచీ ఆమె అంతే. టీ తెస్తే వాసనకే పక్కకు జరిగింది, ఒక చెయ్యి కడుపు మీదనే ఉంచుకుంది. తిండి లేక తిప్పుతోందేమో అనుకుంది సంగీత.

కానీ ఫోన్ తీసి ఫోటో కొట్టడం మాత్రం మరిచిపోలేదు. పెళ్ళినాడు రాసుకున్న చందూలాల్ నంబరు ఆమె ఫోన్లో ఉంది. అతను మోతీబాయికి మరిది, తండాకు పెద్దమనిషి. మీ వదిన పెట్టిన మందు ఇదిగో అని రాసి ఆ ఫోటో పంపించింది. పంపేటప్పుడు ఆమెకు కోపం తప్ప ఇంకేం లేదు. దాంతో ఏం జరుగుతుందో తండాలో పుట్టిన సంగీతకు తెలుసు. అక్కడ ముందే ఒక పిల్లవాడికి జ్వరం తగ్గడం లేదు. ఎవరి కన్ను పడిందోనని ముసలమ్మలు గుసగుసలాడుతున్నారు. అలాంటి చోట ఇలాంటి ఫోటో పడితే ఎండుగడ్డిలో నిప్పు పడ్డట్టే.

మోతీబాయి రాత్రంతా గేటు దగ్గరే ఉండిపోయింది. మర్నాడు పవిత్ర గురువారం. చందూలాల్ బండి వేసుకుని వచ్చాడు. మొహం గంటు పెట్టుకుని ఉన్నాడు. సాయంత్రం తండాలో అందరూ కూర్చుంటున్నారని, వదిన వచ్చి జవాబు చెప్పాలని సుకుమార్‌తో అన్నాడు. నలుగురైదుగురు ఆమెను డాకణ్ అంటున్నారని, తానొక్కడు ఎంతమంది నోళ్ళు మూయగలనని అన్నాడు. డాకణ్ అంటే మంత్రగత్తె. ఆ మాట అనేటప్పుడు అతని గొంతు తగ్గింది.

"మీ ఇంటోళ్ళే రాసి పంపిన్రు అల్లుడా. ఇగ మేమేం మాట్లాడాలె?"

సుకుమార్ అక్క వైపు చూశాడు. ఫ్లోరెన్స్ తల్లి మంచం దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, ఒక్క మాట చెప్పు చాలు. నీకు తెల్వకుండ పెట్టిన్రా?"

సంపూర్ణమ్మకు మెలకువ వచ్చి చాలాసేపైంది. ముక్కులో గొట్టం ఉంది. కూతురి మొహం చూసింది, కోడలి మొహం చూసింది, కళ్ళు మూసుకుంది. కాదనలేదు. ఔననలేదు. ఫ్లోరెన్సుకు అది చాలు. చూశావా అన్నట్టు తమ్ముడి వైపు తిరిగింది. సంగీతకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ అమ్మా అని పిలవకపోయినా తాను అమ్మలాగే చూసుకున్న మనిషి. తానే తల దువ్వింది, కాళ్ళు పట్టింది, దొంగతనంగా గింజలు పారబోసింది. ఆ మనిషి కళ్ళు మూసుకుంది.

మందుల చీటీ పట్టుకుని అక్కాతమ్ముళ్ళు బయటికి వెళ్ళాక సంగీత మంచం దగ్గరికి జరిగింది.

"అత్తమ్మా, మా కాక బండి తెచ్చిండు. మా అమ్మను తీస్కపోతున్రు. ఏమంటున్రో తెలుసా ఆమెను?"

సంపూర్ణమ్మ కోడలి చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. గొంతు పీలగా వచ్చింది.

"తెలుసు బిడ్డా. దొంగకు తేలు కుట్టినట్టయింది నా బతుకు."

"మరి చెప్పరాదు? తిన్న అని. ఆకలైంది, తిన్న అని. తప్పేమున్నది?"

"ఫ్లోరెన్స్ నెల తప్పింది."

సంగీత మంచం అంచున కూర్చుండిపోయింది.

"మట్టల ఆదివారం నాడు గుడి కాడ నా చెవిల చెప్పింది. ఇంకా ఎవరికీ చెప్పలేదు, మొగనికి తప్ప. నీ ఒక్కపొద్దే అమ్మా, నీ ఒక్కపొద్దే అని నన్ను పట్టుకుని ఏడ్చింది. ఇంతకుముందు రెండు నిలవలేదు దానికి. ఇప్పుడు నేను ఒక్కపొద్దు తప్పిన అని తెలిస్తే, ఆ బెంగకే పోగొట్టుకుంటది. పోతే నా మూలంగనే పోయిందంటది. చచ్చేదాకా అంటది."

చెయ్యి గట్టిగా బిగించింది. మూడో నెల దాటనియ్యి, నేనే చెప్తా, గుడిలో అందరి ముందూ చెప్తా అంది. అప్పటిదాకా మీ అమ్మను కొంచెం ఓర్చుకోమను అంది.

సంగీత ఆ చెయ్యి విడిపించుకుంది. నెమ్మదిగానే విడిపించుకుంది, కుట్లు కదులుతాయని.

"మీకు దేవుడున్నడు అత్తమ్మా, ఓర్చుకుంటడు. మా తండోళ్ళు ఓర్చుకోరు."

బయట గేటు దగ్గర మోతీబాయి బండెక్కడానికి కొంగు దోపుకుంటోంది. చీరల సంచి కూతురి చేతికిచ్చింది. లోపలికి పంపనీయకపోతే నువ్వే కట్టుకో అంది. తర్వాత తమ భాషలో, చందూలాల్‌కు వినపడకుండా అడిగింది. అవి తన పండ్లేనా అని. సంగీత తలూపింది.

"నీకు మనసైందంటివి గదనే. గందుకే ఏరేరి పంపిన." మోతీబాయి కళ్ళనీళ్ళు కొంగుతో తుడుచుకుంది. "సరే పో. నేనే పెట్టిన అని చెప్త. నీ కాపురం నిలబడ్తది. ముసల్దాన్ని, నన్నేం జేస్తరు?"

ఏం చేస్తారో ఇద్దరికీ తెలుసు. చందూలాల్‌కూ తెలుసు, అందుకే అతను వాళ్ళ వైపు చూడటం లేదు.

సుకుమార్ వచ్చి భార్య భుజం మీద చెయ్యి వేశాడు. ఈస్టర్ అయిపోనీ, అందరం కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు. ఈ మనిషిని తాను ఎందుకు చేసుకుందో సంగీతకు ఒక్క క్షణం గుర్తు రాలేదు.

"ఈస్టర్ దాకా మా యాడీ ఉండాలె గదా," అంది.

బండి తాళం తీసి చేత్తో పట్టుకుంది. కాసేపు ఆగమని చందూలాల్‌కు చెప్పింది. అందరూ కూర్చుని ఉంటారని అతను నసిగితే, కూర్చోనీ అంది.

ఫ్లోరెన్స్ లోపల ఫ్యాను కింద ఒంటరిగా కూర్చుని ఉంది. ఒక చెయ్యి కడుపు మీద ఉంది. ఇప్పుడా చెయ్యి ఎందుకుందో సంగీతకు తెలుసు. తెలియకపోతే ఎంత బాగుండేదో. నిన్నటి దాకా ఆమె మీద ఉన్న కోపం అంతా ఉంది, ఒక్క రవ్వ కూడా తగ్గలేదు. దాని పక్కనే జాలి కూడా వచ్చి కూర్చుంది. ఆ జాలికి చోటిస్తే గేటు దగ్గర నిలబడ్డ తల్లి పోతుంది.

పక్కన కూర్చుంది. తాగమని నీళ్ళ సీసా ఇచ్చింది. ఫ్లోరెన్స్ తీసుకోలేదు.

"నీకో మాట చెప్పాలె వదినా."

"మీ అమ్మ ఒప్పుకున్నదా?"

"ఒప్పుకుంటనంటున్నది. నేను వద్దన్న."

హ్యాండ్‌బ్యాగు తీసి అందులోంచి రేకు డబ్బా బయటికి తీసింది. గుండ్రటి డబ్బా, మూత మీద వేలాంగణ్ణి మాత బొమ్మ, అంచులు కాస్త తుప్పు పట్టాయి. ఫ్లోరెన్స్ కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇది మా అమ్మది. జపమాల డబ్బా. బిడ్డ కోసం వేలాంగణ్ణి మొక్కనీకి పోయినప్పుడు నేనే తెచ్చిచ్చిన. నీకాడెందుకున్నది?"

"మీ అమ్మే ఇచ్చింది, పారబోసి రమ్మని."

ఫ్లోరెన్స్ డబ్బా అందుకుని కదిపింది. లోపల గింజలు గలగలమన్నాయి. ఆమె మొహంలో రంగు మారింది. సైన్సు చెప్పకపోయినా టీచరే కదా, ఆ చప్పుడు జపమాలది కాదని తెలుసుకోవడానికి ఎంతసేపు?

ఆ చప్పుడు విన్నదో ఏమో, వార్డులోంచి సంపూర్ణమ్మ పిలుస్తోంది. సంగీతా, సంగీతా అని, కుట్లు పిగిలిపోతాయన్న లెక్క కూడా లేకుండా.

ఫ్లోరెన్స్ ఎడమచెయ్యి కడుపు మీది నుంచి తీయలేదు. కుడిచేతి బొటనవేలు మూత అంచు కింద పెట్టింది.